ట్రైలర్ క్యాంపింగ్‌లో ఊరి రోజు: అపోహలు - వాస్తవాలు

కళింగపట్నం వైపు ఏ సరుగుడు తోటలోనో, యజమానిని అడిగి ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇంటి బండి) నిలబెట్టుకుని ఒంటరిగా ఉండేవాళ్లకి నాలుగైదు రోజులకోసారి శ్రీకాకుళం వెళ్లక తప్పదు. చాలామంది దాన్ని సరుకులు కొనుక్కునే రోజు అనుకుంటారు. నిజానికి కొనేది కొంచెమే. మురుగు, చెత్త, మాసిన బట్టలు వదిలించుకోవడానికే సగం పూట పోతుంది. కొత్తగా ట్రైలర్ కొన్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు కూడా ఎక్కువగా వీటి గురించే.

అపోహ: అన్నీ ట్రైలర్‌లోనే ఉంటే ఊరితో పనేముంది?

ఎంత పొదుపుగా వాడినా వంటకి, గిన్నెలకి, స్నానానికి కలిపి ఒక మనిషికి రోజుకి 10-15 లీటర్లు పడుతుంది. 60 లీటర్ల ట్యాంకు నాలుగు నుంచి ఆరు రోజుల్లో అడుగంటుతుంది. 18-20 లీటర్ల టాయిలెట్ క్యాసెట్ (మలమూత్రాలు చేరే, బయటికి లాగి మోసుకెళ్లే డబ్బా) కూడా ఇంచుమించు అప్పటికే నిండుతుంది. ఊరికి ఎప్పుడు వెళ్లాలో ఈ రెండూ చూసి తేల్చుకోండి. ఆదివారం మాత్రం పెట్టుకోకండి. సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే జనంతో అరసవల్లి దారి కిటకిటలాడుతుంది. ఇక రథసప్తమి నాడైతే చెప్పనే అక్కర్లేదు.

అపోహ: ట్రైలర్‌ని కూడా లాక్కెళ్తే అన్నీ ఒకేసారి అయిపోతాయి.

ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆటోల మధ్య ఇరుక్కుని, వెనక నిలబడి ‘రానీ, రానీ’ అనే మనిషి లేకుండా రివర్స్ చేయాల్సి వస్తే ఈ మాట ఇంకెప్పుడూ అనరు. కారు ఒక్కటే తీసుకెళ్లండి. ట్రైలర్ చక్రాలకి రెండువైపులా అడ్డు పెట్టి, కొక్కేనికి తాళం వేసి, గ్యాస్ వాల్వు కట్టేసి, ఎన్నింటికి వస్తారో తోట కాపలా అతనికి చెప్పి బయల్దేరండి. ఒంటరిగా తిరిగేవాడికి ఆ చెప్పడం తాళం కన్నా ముఖ్యం.

అపోహ: క్యాసెట్‌లో మందు వేశాం కదా, ఏ కాలువలో పోసినా ఫర్వాలేదు.

నాకు ఒళ్లు మండేది దీనికే. మందు వాసనని ఆపుతుంది, మలాన్ని శుభ్రమైన నీళ్లుగా మార్చేయదు. రోడ్డు పక్క కాలువలో పోసినా, నాగావళి వంతెన దగ్గర ఆపి పోసినా చివరికి అది చేరేది కింద ఊళ్ల నీళ్లలోకే. విదేశాల క్యాంపు స్థలాల్లో దీనికని గుంటలు కట్టి ఉంటాయి. మన దగ్గర ఆ ఏర్పాటు అరుదు కాబట్టి మామూలు టాయిలెట్టే గతి.

నేను బస్టాండు దగ్గర ఏదో ఒక లాడ్జిలో పూట గది తీసుకుంటాను. కౌంటర్ దగ్గరే సంగతి చెప్పేస్తాను. ‘ఏటి బాబూ, ఆ డబ్బాలో?’ అని అడుగుతారు. దాచకుండా చెప్పి, బాత్రూం కడిగి వెళ్తానంటే ఒప్పుకున్నవాళ్లే ఎక్కువ. వద్దన్నచోట బతిమాలను, ఇంకో లాడ్జి చూసుకుంటాను.

పోయడంలోనూ ఒక పద్ధతి ఉంది. క్యాసెట్ మూతిని బయటికి తిప్పి, దాన్ని వంచేటప్పుడు గాలి బటన్‌ని బొటనవేలితో నొక్కి పట్టాలి. బటన్ వదిలేస్తే లోపలికి గాలి అందక గుడగుడమని ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. ఆ చొక్కా ఇక పారేయాల్సిందే. కొంచెం పోసి ఫ్లష్, మళ్లీ కొంచెం. తర్వాత రెండు లీటర్ల నీళ్లు పోసి గిలకరించి అవీ వంపేయాలి. మందు కొనేటప్పుడు ఫార్మాల్డిహైడ్ లేనిదే తీసుకోండి. ఫార్మాల్డిహైడ్ సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే బాక్టీరియాని చంపేస్తుంది. మనకి చోటిచ్చినవాళ్ల ట్యాంకు పాడుచేయడం మర్యాద కాదు.

గది ఉంది కాబట్టి బకెట్ల కొద్దీ నీళ్లతో తలంటు, ఫ్యాన్ కింద గంట నిద్ర, ఫోన్ ఛార్జింగ్ అన్నీ అక్కడే.

అపోహ: పెద్ద బండ నుంచి చిన్న సిలిండర్‌లోకి గ్యాస్ పట్టించుకుంటే చవక.

చట్టవిరుద్ధం, ఆపైన ప్రమాదం. ఎండకి ద్రవం ఉబ్బుతుంది కాబట్టి సిలిండర్‌లో పైన కొంత ఖాళీ ఉంచాలి. సందులో పట్టేవాడు ఆ లెక్క చూడడు. 5 కిలోల సిలిండర్ గ్యాస్ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో గుర్తింపు కార్డు మీద ఇస్తారు, అడ్రస్ రుజువు అక్కర్లేదు. కారులో నిలువుగానే పెట్టి, కదలకుండా కట్టండి.

అపోహ: నీళ్లు బీచ్ దగ్గరి బోరులోనే పట్టుకోవచ్చు.

సముద్రం ఒడ్డున చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. తాగడం సంగతి అటుంచి, పంపు, గొట్టాలు కూడా పాడవుతాయి. ఊళ్లో 20 లీటర్ల క్యాన్లు నింపి తెచ్చుకుని ట్యాంకులో పోసుకోండి. 60 లీటర్లంటే 60 కిలోలని లోడు పెట్టేటప్పుడు గుర్తుంచుకోవాలి.

బట్టలు ఊళ్లోకి రాగానే ఇచ్చేయాలి, అదే రోజు ఇచ్చే లాండ్రీ చూసుకుని. బీచ్‌లో ఆరేస్తే గుడ్డకి పట్టిన ఉప్పు గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. పొద్దున ఆరిన చొక్కా రాత్రికి మళ్లీ తడితడిగా ఉంటుంది. టర్కీ తువ్వాలు వద్దు, పల్చటి నూలు తువ్వాలే మేలు.

టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. పాతిక కిలోమీటర్లు నడిచి వేడెక్కాక బంకులో చూస్తే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి తగ్గించేస్తారు. ట్రైలర్ టైరు అరిగేకన్నా ముందు నిలబడి నిలబడి ముసలిదవుతుంది. టైరు పక్కగోడ మీద 2321 అని ఉంటే అది 2021లో 23వ వారంలో తయారైందని అర్థం.

ఐసు అన్నిటికన్నా చివర, తిరుగు ప్రయాణంలో కొనండి. పొడి చేసిన ఐసు కన్నా దిమ్మ చాలాసేపు నిలుస్తుంది. చేపల కోసం చేసే దిమ్మ ఐసు పెట్టెని చల్లబరచడానికి పనికొస్తుంది, మజ్జిగలో వేసుకోవడానికి కాదు.