భద్రతా సమాచారం పంచుకోవడం: పరిశ్రమ సంఘాలు, కార్మిక సంఘాల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

ఎక్కడో ఒక ప్లాంట్‌లో ప్రమాదం జరిగితే, అలాంటి పనే చేసే మిగతా చోట్లకు ఆ సంగతి చేరేలా చూడటం నా పని. యాజమాన్యాల పరిశ్రమ సంఘం, కార్మిక యూనియన్లు కలిసి నడిపే భద్రతా బృందంలో ఉంటాను. రెండు వైపుల నుంచీ వచ్చే నివేదికలు చదివి, ఒక పేజీ సేఫ్టీ అలర్ట్‌గా రాస్తాను. ఈ పనిలో పదే పదే వినపడే కొన్ని మాటలు మనుషుల ప్రాణాల మీదకు తెస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: యాజమాన్యాల సంఘం దారి వేరు, యూనియన్ దారి వేరు. వాళ్లు పంచుకోవడానికి ఏముంటుంది?

వాస్తవం: ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు కాబట్టే పంచుకోవాలి. పరిశ్రమ సంఘానికి చాలా కంపెనీల ప్రమాద నివేదికలు అందుతాయి. యంత్రం తయారుచేసిన వాళ్లతో నేరుగా మాట్లాడే వీలుంటుంది. ఒకే రకం వాల్వ్ మూడు చోట్ల పగిలితే ముందు పసిగట్టగలిగేది వాళ్లే. అదే పని, రాత్రి షిఫ్టులో ఇద్దరు మనుషులు తక్కువైనప్పుడు నిజంగా ఎలా సాగుతోందో యూనియన్‌కు తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కార్మికుడు కంపెనీలు మారుతూ పోతాడు, చాలా వృత్తుల్లో యూనియన్ సభ్యత్వం మాత్రం అలాగే కొనసాగుతుంది.

దాని విలువ ఎంతో ఆస్బెస్టాస్ చరిత్ర చూస్తే అర్థమవుతుంది. న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతంలో పైపులకు, బాయిలర్లకు వేడి బయటికి పోకుండా ఆస్బెస్టాస్ ఇన్సులేషన్ తొడిగే కార్మికులు ఇవాళ ఒక సైట్‌లో, వచ్చే నెల ఇంకో సైట్‌లో పనిచేసేవారు. వాళ్లలో ఎవరు ఏ జబ్బుతో పోయారో ఏ ఒక్క కంపెనీ రికార్డుల్లోనూ పూర్తిగా దొరకదు. డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్ వాళ్ల యూనియన్‌ను ఆశ్రయించారు. యూనియన్ తన సభ్యుల జాబితాలు ఆయన ముందు పెట్టింది. 1943కు ముందే ఆ వృత్తిలోకి వచ్చిన 632 మంది ఏమయ్యారని 1962 దాకా ఆరా తీస్తే, ఊపిరితిత్తులకో, వాటి చుట్టూ ఉండే పొరకో వచ్చిన క్యాన్సర్‌తో 45 మంది చనిపోయినట్టు తేలింది. మామూలు జనాభా లెక్కన చూస్తే ఆరేడుగురికి మించకూడదు. 1964లో ఈ ఫలితాలు అచ్చయ్యాక, ఆస్బెస్టాస్ దుమ్ముతో వచ్చే ముప్పు సంగతి దాచిపెట్టడం ఎవరి తరమూ కాలేదు.

అపోహ: కార్మికుడికి రసాయనాల సంగతి ఏం తెలుస్తుంది? నిపుణులు చెప్పింది వింటే చాలు.

వాస్తవం: 1977లో కాలిఫోర్నియాలోని ఒక ప్లాంట్‌లో ఏం జరిగిందో చూడండి. నేలలోని నులిపురుగులను చంపే డీబీసీపీ అనే మందు అక్కడ తయారయ్యేది. ఆ విభాగంలో చేరాక తమకు పిల్లలు పుట్టడం లేదని మగవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటూ గమనించారు. యూనియన్ పట్టుబట్టి వైద్య పరీక్షలు చేయించింది. చాలామందిలో వీర్యకణాలు బాగా పడిపోయాయి, కొందరిలో అసలు లేవు. ఈ రసాయనం జంతువుల వృషణాలను దెబ్బతీస్తుందని 1961లోనే ఒక శాస్త్ర పత్రికలో అచ్చయింది. ఆ మందును రోజూ తమ చేతులతో కలిపేవాళ్లకు పదహారేళ్లపాటు ఆ మాట చేరలేదు.

1990లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ రసాయనాల ఒప్పందం, రసాయనాల ముప్పును అన్ని దేశాల్లో ఒకే తీరుగా వర్గీకరించి లేబుల్ మీద చెప్పేందుకు 2003లో ఐక్యరాజ్యసమితి ప్రచురించిన జీహెచ్‌ఎస్ విధానం ఇలాంటి ఖాళీని పూడ్చడానికే ఉన్నాయి. ఒక రసాయనం ముప్పులు, జాగ్రత్తలు చెప్పే సేఫ్టీ డేటా షీట్‌లో ఇప్పుడు 16 భాగాలుంటాయి. అన్నీ చదివే తీరిక ఎవరికీ ఉండదు. శిక్షణలో నేను ముందు నాలుగు చదివిస్తాను. ముప్పు ఏమిటో చెప్పే 2వ భాగం, ప్రథమ చికిత్స కోసం 4, చేతికి, ముక్కుకు ఏం రక్షణ కావాలో చెప్పే 8, ఒంటి మీద దీర్ఘకాలంలో ఏం ప్రభావం ఉంటుందో చెప్పే 11. సంతానం మీద ప్రభావం ఉందో లేదో కనపడేది ఈ పదకొండులోనే. కంపెనీలు మర్చిపోకుండా చేతికివ్వాల్సిన పేజీ అది.

అపోహ: ప్రమాద వివరాలు బయటపెడితే పోటీ చట్టాలు, వ్యాపార రహస్యాలు, కోర్టు కేసులు మెడకు చుట్టుకుంటాయి.

వాస్తవం: పోటీ చట్టాల కన్ను ధరల మీద, ఉత్పత్తి పరిమాణం మీద, ఎవరికి ఏ కస్టమర్ అన్న పంపకాల మీద ఉంటుంది. యంత్రం మీద ఉండే రక్షణ కవచం (గార్డు) ఎలా ఊడింది, గ్యాస్ ఎక్కడి నుంచి వచ్చింది అని చెప్పుకోవడం ఆ కోవలోకి రాదు. వ్యాపార రహస్యాల విషయంలో 1981 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒప్పందం సూటిగా గీత గీసింది. భద్రతా చర్యల సమాచారం కార్మిక ప్రతినిధులకు ఇవ్వాలి, దాని మీద వాళ్లు తమ సంఘంతో సంప్రదించుకోవచ్చు, వ్యాపార రహస్యం మాత్రం బయటపెట్టకూడదు. సముద్రంలో పనిచేసే కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఇమ్కా ఏళ్ల తరబడి కంపెనీ పేరు లేకుండా సేఫ్టీ ఫ్లాష్‌లు విడుదల చేస్తోంది. అవి ఎవరైనా చదవొచ్చు.

అయితే పేరు తీసేయడం వేరు, విషయం తీసేయడం వేరు. మాకు వచ్చే ముసాయిదాల్లో తరచూ ఇలాంటి వాక్యం ఉంటుంది: "కార్మికుడి అజాగ్రత్త వల్ల చేయి కన్వేయర్‌లో ఇరుక్కుంది." ఇది చదివి పక్క ప్లాంట్‌వాళ్లు ఏం చేయగలరు? జాగ్రత్తగా ఉండండని ఒక బోర్డు పెడతారు, అంతే. మేం ఆ షిఫ్టులో ఉన్న యూనియన్ ప్రతినిధికి, మెయింటెనెన్స్ ఇంజనీర్‌కు ఫోన్ చేసి అడుగుతాం. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది: "బెల్టు కింద గడ్డకట్టిన సరుకును తీయడానికి గార్డు విప్పారు. దగ్గరున్న స్విచ్ ఆపారు, మెయిన్ దగ్గర తాళం వేయలేదు. కంట్రోల్ రూమ్‌లో ఉన్న మనిషికి ఆ మూల కనపడదు, బెల్టు ఆగిందని చూసి తిరిగి నడిపించారు." ఇందులో ఏ కంపెనీ పేరూ లేదు. ఏం చేయాలో మాత్రం ఉంది. "అజాగ్రత్త" అన్న మాట కనిపిస్తే నేను ముసాయిదా వెనక్కి పంపుతాను.

అపోహ: సర్క్యులర్ పంపాం కదా, అందరికీ చేరినట్టే.

వాస్తవం: 2009 డిసెంబర్ 23న నార్త్ సీలో చమురు బావి తవ్వే ఒక రిగ్ మీద బావి అదుపు తప్పబోయింది. ఒత్తిడి పరీక్ష పాసైంది కదా, బావి భద్రంగా ఉందని నమ్మి, బావిలోని ఒత్తిడిని అదిమిపెట్టే బరువైన డ్రిల్లింగ్ బురద స్థానంలో సముద్రపు నీరు నింపుతుండగా లోపలి చమురు, గ్యాస్ పైకి తన్నాయి. ఎలాగో మూయగలిగారు. ఆ పాఠం మీద ప్రెజెంటేషన్ తయారైంది, నార్త్ సీలోని రిగ్గులకు సూచనలు వెళ్లాయి. నాలుగు నెలలకు, 2010 ఏప్రిల్ 20న, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అదే డ్రిల్లింగ్ కంపెనీకి చెందిన డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ మీద చాలావరకు అలాంటి పరిస్థితిలోనే పేలుడు జరిగి 11 మంది చనిపోయారు. ఆ పాఠం ఆ సిబ్బందికి అందలేదని అమెరికా అధ్యక్షుడు నియమించిన కమిషన్ తేల్చింది. ఒకే కంపెనీలో ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి వెళ్లని సంగతి, వేర్వేరు కంపెనీల మధ్య దానంతటదే ఎలా వెళ్తుంది?

మా అనుభవంలో పనికొచ్చే పద్ధతి ఒకటే. అలర్ట్ రెండు దారుల్లో వెళ్లాలి. పరిశ్రమ సంఘం ద్వారా ప్లాంట్ మేనేజర్‌కు, యూనియన్ ద్వారా షాప్‌ఫ్లోర్ సేఫ్టీ ప్రతినిధికి, ఒకే రోజు. మేనేజర్ మెయిల్‌లో పడి ఉంటే ప్రతినిధి అడుగుతాడు. ప్రతినిధి సెలవులో ఉంటే మేనేజర్ షిఫ్టు మొదట్లో జరిగే టూల్‌బాక్స్ టాక్‌లో చదివిస్తాడు. చదివేది అక్కడ పనిచేసేవాళ్ల భాషలో ఉండాలి, పక్కన ఫొటో ఉండాలి. అందరికీ తెలిసిందే కదా అని వదిలేయకూడదు. ట్యాంకులు, మ్యాన్‌హోళ్లలో జరిగే మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవాళ్లవేనని అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది. లోపల మనిషి పడిపోతే పరుగెత్తి దిగకూడదని అందరూ విన్నదే. పడిపోయింది తోటివాడైతే ఆ క్షణంలో అది గుర్తుకు రావాలి, అందుకే మళ్లీ మళ్లీ చెబుతాం.

అపోహ: నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) రిపోర్టులు ఎక్కువగా వచ్చే ప్లాంట్ ప్రమాదకరమైన ప్లాంట్.

వాస్తవం: తరచుగా దీనికి ఉల్టా. అమెరికా బొగ్గు గనుల్లో 1993 నుంచి 2010 దాకా ఉన్న లెక్కలు తీసుకుని పరిశోధకురాలు అలిసన్ మోరాంట్జ్ చేసిన అధ్యయనంలో, యూనియన్ ఉన్న గనుల్లో మరణాలు, తీవ్ర గాయాలు తక్కువగా కనిపించాయి. చిన్న గాయాల నమోదు మాత్రం ఎక్కువగా ఉంది. అక్కడ మనుషులు భయపడకుండా చెప్పుకోగలరన్నది దానికి ఒక వివరణ. "సున్నా ప్రమాదాలు" అంటూ బోనస్ కట్టే చోట గాయమైన చేతిని జేబులో పెట్టుకుని దాచేస్తారు. విమానయానంలో అసాప్ అనే పద్ధతి దీనికి మంచి విరుగుడు. పైలట్లో, మెకానిక్‌లో స్వయంగా చెప్పిన పొరపాటును విమానయాన సంస్థ, యూనియన్, ప్రభుత్వ నియంత్రణ సంస్థ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర పరిశీలిస్తారు. కావాలని చేసినదీ, నేరమూ, మత్తుపదార్థాలూ కాకపోతే చెప్పినందుకు శిక్ష ఉండదు.

అపోహ: యూనియన్లకు భద్రత అంటే జీతాల బేరంలో ఒక అస్త్రం.

వాస్తవం: అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. ప్రమాద సమాచారాన్ని ఏళ్ల తరబడి తొక్కిపెట్టిన పరిశ్రమ వర్గాలూ ఉన్నాయి. అందుకే భద్రత బల్ల వేరు, జీతాల బల్ల వేరు అన్న నియమం మొదటి రోజే రాసుకోవాలి. బ్రిటన్‌లో 1988లో నార్త్ సీలోని పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫాం ప్రమాదంలో 167 మంది పోయాక, 1997లో మొదలైన స్టెప్ చేంజ్ ఇన్ సేఫ్టీ అనే భద్రతా వేదికలో కంపెనీలు, యూనియన్లు, నియంత్రణ సంస్థ ఒకచోట కూర్చుంటున్నాయి. సమ్మెలు జరిగినా ఆ కుర్చీలు ఖాళీ కాకుండా చూసుకోవాలి.

అపోహ: అలర్టులు సభ్యులకు అందితే సరిపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. చిన్న కాంట్రాక్టర్ ఏ పరిశ్రమ సంఘంలోనూ ఉండడు, అతని దగ్గర పనిచేసేవాడికి యూనియన్ ఉండదు. ట్యాంకు కడగడానికి, ఎత్తున వెల్డింగ్ చేయడానికి ముందు పంపేది మాత్రం వాళ్లనే. ఒకే చోట రెండు సంస్థలు పనిచేస్తుంటే భద్రత విషయంలో కలిసి నడవాలని 155వ ఒప్పందంలోని 17వ అధికరణం చెబుతోంది. కాబట్టి అలర్టులకు పాస్‌వర్డ్ పెట్టకండి. గేటు దగ్గర పని పర్మిట్ ఇచ్చేటప్పుడు, ఆ పనికి సంబంధించిన తాజా అలర్ట్ కూడా కాంట్రాక్టర్ మనుషులకు చదివి వినిపించి, సందేహాలు అడిగించుకున్నాకే పర్మిట్ మీద సంతకం పెట్టించండి.