చీమలకు తెలియకుండా చీమల వీడియో

ఇంట్లో పెంచుకునే చీమల వీడియోల్లో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. గూటి మీద మూత తీయగానే చీమలన్నీ తెల్లటి గింజల్లాంటివి దవడలతో పట్టుకుని అటూ ఇటూ పరుగులు పెడతాయి. ఎంత చురుకైన చీమలో అనిపిస్తుంది. కానీ ఆ తెల్లటివి వాటి పిల్లలు, అంటే లార్వాలు, ప్యూపాలు. ఉన్నట్టుండి మీద పడిన వెలుగు నుంచి వాటిని తప్పించడానికి పడుతున్న హైరానా అది. గూట్లో రోజూ జరిగే బతుకు అందులో ఉండదు. అది కావాలంటే మంచి లెన్స్ కొనడానికి ముందు, చీమకు ఏది తెలుస్తుందో ఏది తెలియదో తెలుసుకోవాలి.

వెలుగు సంగతి 19వ శతాబ్దంలోనే కొంత తేలింది. బ్రిటన్‌కు చెందిన జాన్ లబక్ బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు కూడా. ఆయన గాజు పలకల మధ్య చీమల్ని పెంచి, గూటి మీద రంగు గాజులు పరిచి చూశారు. చీమలు ఊదా గాజు కింద నుంచి పిల్లల్ని తీసుకెళ్లి ఎర్ర గాజు కింద పెట్టేవి. మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి పడినా అక్కడి నుంచి తరలించేవి. చాలా రకాల చీమల కళ్లు అతినీలలోహిత, ఆకుపచ్చ కాంతులను బాగా పట్టుకుంటాయి. ముదురు ఎరుపు వాటికి దాదాపు చీకటే. అందుకే చీమలు పెంచేవాళ్లు గూటి మీద ఎర్రటి ప్లాస్టిక్ షీట్ వేస్తారు. దాని కింద తీస్తే వీడియో అంతా ఎర్రగా వస్తుంది, బ్లాక్ అండ్ వైట్‌కు మార్చుకుంటే సరిపోతుంది. రంగులు కావాలంటే సన్నటి తెల్ల లైటును కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నాకు ఈ రెండో దారే ఇష్టం, ఓపిక కావాలి అంతే. లైటు వేడెక్కేది కాకూడదు. చిన్న గూడు ఇట్టే వేడెక్కుతుంది, గాజుకు లోపల చెమ్మ పడుతుంది.

వెలుగు కంటే మనం తక్కువగా పట్టించుకునేది అదురు. చీమకు మనలాంటి చెవులు లేవు. గాల్లో వచ్చే మాటలు దానికి పెద్ద లెక్క కాదు కానీ, నేల కాస్త అదిరినా కాళ్లతోనే పసిగడుతుంది. గూడు, కెమెరా ఒకే బల్ల మీద ఉంటే ఫోకస్ కోసం రింగు తిప్పిన ప్రతిసారీ ఆ కదలిక గూటికి చేరుతుంది. ట్రైపాడ్ నేల మీద, గూడు మెత్తటి ఫోమ్ మీద ఉండాలి. రికార్డింగ్ రిమోట్‌తో మొదలుపెడితే ఇంకా మంచిది. మూత తీసి ఉన్నప్పుడు దాని మీద ఊపిరి వదలకూడదు. ఊపిరి తగిలితే శత్రువు వచ్చిందన్నట్టు చెదిరిపోతాయి.

ఇక లెన్స్. 1:1 మాక్రోలో, అంటే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులోనే పడేలా తీసినప్పుడు, 4 మి.మీ. చీమ 36 మి.మీ. ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పులో తొమ్మిదో వంతు మాత్రమే ఆక్రమిస్తుంది. అప్పటికే ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8 దగ్గర ఉంటే స్పష్టంగా కనిపించే మందం సుమారు 1 మి.మీ. ఇంకా దగ్గరికి వెళ్లి 2:1, అంటే రెట్టింపు సైజు చేస్తే అది మి.మీ.లో మూడో వంతుకు పడిపోతుంది. కన్ను స్పష్టంగా ఉంటే మీసాలు మసక. ఎపర్చర్ బాగా తగ్గిస్తే వెలుగు చాలదు, సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదరడం (వివర్తనం) వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ఫొటోలకైతే వేర్వేరు ఫోకస్‌లతో తీసి కలపొచ్చు, నడిచే చీమతో అది కుదరదు. అందుకని చీమ వెంట ఫోకస్ పరిగెత్తించే పని మానుకోవడమే మేలు. పల్చటి గూటి గాజుకు కెమెరాను సరిగ్గా ఎదురుగా నిలిపి, ఒక చోట ఫోకస్ కట్టి, చీమ అక్కడికి వచ్చేదాకా ఆగాలి. లైటు పక్క నుంచి, తెల్ల కాగితం గుండా రావాలి. లేకపోతే నిగనిగలాడే ఒంటి మీద తెల్ల మచ్చలు తేలతాయి. మొదలుపెట్టేవాళ్లకు ఫోనూ, క్లిప్ లెన్సూ చాలు. సెన్సర్ చిన్నది కాబట్టి అదే ఫ్రేమ్‌లో ఎక్కువ మందం స్పష్టంగా వస్తుంది.

అలా ఆగితే దొరికే వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది మేత పంచుకోవడం. బయట తీపి నీళ్లు తాగొచ్చిన చీమ పొట్ట ఉబ్బి, దాని మీది గట్టి పట్టీలు ఒకదానికొకటి దూరమై, మధ్యలో పల్చటి పొర మెరుస్తుంటుంది. ఇంకో చీమ ఎదురొచ్చి మీసాలతో దాని తల మీద టకటకా తడుతుంది. రెండూ మూతులు కలుపుతాయి. తెరుచుకున్న దవడల మధ్య ఒక బొట్టు తళుక్కుమంటుంది. ఆ తీపి వచ్చేది జీర్ణాశయంలోంచి కాదు, దానికి ముందుండే మరో సంచిలోంచి. అది గూటి వాళ్లందరి కోసం దాచిన నిల్వ. సెకనుకు 120 ఫ్రేముల్లో తీసి నెమ్మదిగా చూస్తే మీసాల ఒక్కో దెబ్బా విడిగా తెలుస్తుంది. నడకైతే మరీ ముచ్చట. ఒక పక్క ముందు, వెనక కాళ్లూ, రెండో పక్క మధ్య కాలూ కలిసి లేస్తాయి. అయినా అన్నీ దొరకవు. ఓడోంటోమేకస్ జాతి చీమ దవడలు మూసుకోవడానికి పట్టేది సగటున 0.13 మిల్లీసెకన్లని 2006లో వెలువడిన పరిశోధన చెబుతోంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో రెండు ఫ్రేముల మధ్యే 4 మిల్లీసెకన్లు గడిచిపోతాయి.

టైమ్‌లాప్స్ సంగతి దీనికి తలకిందులు. 10 సెకన్లకో ఫ్రేము చొప్పున గంటసేపు తీస్తే 360 ఫ్రేములు, అంటే సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 14 సెకన్ల వీడియో. అందులో మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది, ఊరికే నిలబడి ఉన్న చీమలు. ఎడిటింగ్‌లో వాటిని కోసేయాలనిపిస్తుంది. కోయకండి. టెమ్నోథొరాక్స్ చీమలకు రంగు చుక్కలు పెట్టి, వీడియోలు తీసి గమనించిన పరిశోధకులు డేనియల్ షార్బొనో, ఆనా డార్న్‌హౌస్‌లు చాలా శ్రామిక చీమలు ఎక్కువ సమయం ఏ పనీ చేయకుండానే ఉంటాయని 2015లో చూపించారు. చురుకైనవాటిని తీసేస్తే వీటిలో కొన్ని ఆ పనిలోకి దిగుతాయని తర్వాత తేలింది. 2013లో స్విట్జర్లాండ్‌లోని లాసాన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక్కో చీమకు బార్‌కోడ్ అంటించి, 41 రోజులు సెకనుకు రెండు ఫొటోలు తీశారు. పిల్లల్ని చూసేవి, గూడు శుభ్రం చేసేవి, మేతకు వెళ్లేవి అన్న విభజన ఆ ఫొటోల్లోంచే బయటపడింది.

కొత్త గూడు మొదలుపెట్టడానికి టెస్ట్ ట్యూబులో ఒంటరిగా ఉంచిన కొత్త రాణిని మాత్రం వదిలేయాలి. చాలా జాతుల్లో ఆమె ఏమీ తినదు. ఇక అక్కరలేని రెక్కల కండరాలనే కరిగించుకుని మొదటి పిల్లల్ని పెంచుతుంది. ఊరికే కదిలిస్తే తన గుడ్లు తానే తినేయొచ్చు. మొదటి శ్రామిక చీమలు బయటికొచ్చి, మేత కోసం తిరగడం మొదలుపెట్టాక కెమెరా తీయండి. నల్ల తోట చీమల రాణి ఒకటి మనుషుల పెంపకంలో 28 ఏళ్లకు పైగా బతికింది. తొందరేం లేదు.