తాగుడు మానిన మనిషికి ఏం పెట్టాలి?

తాగుడు మానేసిన మనిషికి మన ఇళ్లలో మొదట పెట్టేది పథ్యం. మెత్తటి అన్నం, చప్పిడి చారు, మహా అయితే కాస్త మజ్జిగ. పప్పు అరగదంటారు, గుడ్డు వేడి చేస్తుందంటారు, లివర్ పాడైంది కాబట్టి నూనె చుక్క కూడా తగలకూడదంటారు. ప్రేమతో చేసే పనే. కానీ ఏళ్ల తరబడి తాగిన ఒంటికి అప్పుడు కావలసింది ఇంచుమించు దీనికి పూర్తి వ్యతిరేకం.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కార్మికుడైనా, బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో తిప్పేవాడైనా, సాయంత్రం క్వార్టర్ పడ్డాక అన్నం జోలికి పోడు. 180 మిల్లీలీటర్ల విస్కీలో ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. గ్రాముకు 7 కేలరీల లెక్కన 400 దాటుతుంది. ఆకలి చచ్చిపోవడానికి అది చాలు. అందులో ప్రోటీన్ లేదు, విటమిన్లు లేవు. ఇలా కొన్నేళ్లు గడిస్తే పొట్ట ముందుకొచ్చినా లోపల మనిషి పస్తున్నట్టే లెక్క.

ముందుగా ఖాళీ అయ్యేది విటమిన్ బి1, అంటే థయామిన్. మన ఒంట్లో దాని నిల్వే సుమారు 30 మిల్లీగ్రాములు. తిండి సరిగ్గా లేకపోతే రెండు మూడు వారాల్లో అయిపోతుంది. పైగా ఆల్కహాల్ దాన్ని పేగుల నుంచి ఒంట్లోకి వెళ్లనివ్వదు. మనం తినే అన్నం కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. సన్నబియ్యం ఎంత తెల్లగా ఉంటే అంత మంచివని కొంటాం. ఆ తెలుపు కోసం పట్టే పాలిష్‌లో బి1 చాలావరకు తవుడులోకి పోతుంది, మిగిలినదాంట్లో కొంత వార్చిన గంజిలోకి పోతుంది.

ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు మెదడుదే. గ్లూకోజ్‌ను శక్తిగా మార్చుకోవాలంటే దానికి బి1 ఉండి తీరాలి. అది లేకపోతే మనిషి తూలుతాడు, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, మాట తికమక అవుతుంది. జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే 1881లోనే ఈ జబ్బును వర్ణించాడు. దీనిలో నన్ను బాగా భయపెట్టే సంగతి ఒకటుంది. ఈ లక్షణాలన్నీ తాగినవాడి లక్షణాల్లాగే ఉంటాయి. మానేసిన మనిషి తూలుతుంటే ఇంట్లోవాళ్లు "మళ్లీ మొదలెట్టాడు" అనుకుని వదిలేస్తారు. వైద్యం అందకపోతే జ్ఞాపకశక్తి ఎప్పటికీ తిరిగిరాకుండా పోవచ్చు.

మనవాళ్లకు ఇంకో అలవాటుంది. నీరసంగా ఉన్నాడంటే వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, "డాక్టరు గారూ, రెండు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించండి" అంటారు. బి1 అడుగంటిన ఒంట్లోకి అంత గ్లూకోజ్ ఒక్కసారిగా వెళితే, దాన్ని కాల్చడానికి మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది. అందుకే ఆసుపత్రుల్లో ముందు బి1 ఇంజెక్షన్ ఇస్తారు. షుగర్ బాగా పడిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా రెండూ కలిపే ఇస్తారు. మాత్రలు చాలవా అంటే, దెబ్బతిన్న పేగు వాటిని సరిగ్గా పీల్చుకోలేదు.

తర్వాత ఫోలిక్ యాసిడ్. ఇదీ బి విటమిన్లలో ఒకటే, తిండిలో ఉండే రూపాన్ని ఫోలేట్ అంటారు. పేగు లోపలి పొర కణాలు నాలుగైదు రోజులకోసారి కొత్తవి పుడుతుంటాయి. అలా పుట్టాలంటే ఫోలేట్ కావాలి. ఫోలేట్ లేకపోతే పేగు బలహీనపడుతుంది, బలహీనపడిన పేగు ఉన్న ఫోలేట్‌నూ పీల్చుకోలేదు. ఈ లోపాన్ని ఇప్పుడు చవకైన మాత్రతో పూడ్చగలుగుతున్నామంటే అందులో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చలవ ఉంది. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి అందించిందీ ఆయనే. ఆ కొలత కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. చాలాకాలం తినక చిక్కిపోయిన మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం గబగబా కణాల్లోకి వెళ్లిపోయి గుండె లయ తప్పవచ్చు. అందుకని బాగా చిక్కినవాళ్లకు మొదటి రోజుల్లో రక్తపరీక్షలు చేస్తూ కొద్దికొద్దిగా పెంచుతారు. డిశ్చార్జి రోజునే ఇంట్లో బిర్యానీ విందు అక్కర్లేదు.

ఆ గండం దాటాక మాత్రం గట్టి తిండే. లివర్ జబ్బుంటే పప్పు, గుడ్డు మానాలన్నది పాతమాట. లివర్ గట్టిపడిన సిరోసిస్ రోగులకు సైతం కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలని ఇప్పటి వైద్యం చెబుతోంది. 60 కిలోల మనిషికి అది 72 నుంచి 90 గ్రాములు. చారన్నంతో ఏనాటికీ రాదు. పొద్దున పెసరట్లు, మధ్యాహ్నం ముద్దపప్పు, గుడ్డు, పెరుగు, రాత్రికి చేప ముక్క ఉంటే దగ్గరికొస్తుంది. పొట్టు తీయని పెసలు ప్రోటీన్‌తో పాటు ఫోలేట్, బి1 కూడా ఇస్తాయి. కాళ్లవాపు, పొట్టలో నీరు ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించాలి. అంటే గోంగూర పచ్చడి, ఆవకాయ పక్కన పెట్టాలి, మనకది కష్టమే.

పడుకునే ముందు గ్లాసు పాలు, గుప్పెడు అటుకులు, ఒక చక్రకేళి అరటిపండు మర్చిపోవద్దు. సిరోసిస్ లివర్ గ్లూకోజ్‌ను దాచుకోలేదు. అందుకే ఆ రోగికి ఒక్క రాత్రి ఉపవాసం, ఆరోగ్యవంతుడి రెండు మూడు రోజుల ఉపవాసంతో సమానం. తెల్లారేలోగా ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లు ఏం తినాలో, ఎంత తినాలో డాక్టరును అడగాలి.

సాయంత్రం ఆరింటి ఆకలి మరీ ముఖ్యం. ఆకలేస్తే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, చిరాకేస్తుంది. ఏళ్లుగా ఆ వేళకి మందు అలవాటైన మెదడు దాన్ని మందు మీద యావగా లెక్కేసుకుంటుంది. డ్యూటీ దిగగానే ఉడికించిన శనగలో రెండు ఇడ్లీలో పొట్టలో పడితే ఆ గంట గడవడం తేలికవుతుంది. తీపి మీద కోరిక పెరగడం మామూలే. మొదటి నెలల్లో దాని గురించి గొడవపడనక్కర్లేదు.

తిండి ఒక్కటే వ్యసనాన్ని మాన్పదు. బాగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి చెదరవచ్చు, ప్రాణానికే ముప్పు. ఆసుపత్రిలో మానిపించాలి. "తెలియకుండా అన్నంలో కలపండి" అని అమ్మే పొడులు మాత్రం దయచేసి కొనకండి. వాటిలో మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటి మందు ఉండి, ఆ సంగతి తెలియక అతను మద్యం తాగితే బీపీ పడిపోయి చనిపోవచ్చు. డాక్టర్లు ఆ మందును రోగికి చెప్పి, ఒప్పించి మాత్రమే ఇస్తారు.

ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే. ఆసుపత్రిలో ఎంత తాగేవాడో చెప్పడంతో ఆగకండి. చివరిసారి కడుపునిండా ఎప్పుడు తిన్నాడో, ఈమధ్య బరువెంత తగ్గాడో, నడకలో తూలుతున్నాడో లేదో కూడా చెప్పండి. బి1 ఎంత ఇవ్వాలో, తిండి ఎంత నెమ్మదిగా పెంచాలో వాళ్లు వాటినిబట్టే తేలుస్తారు.