యాభై ఎపిసోడ్లు చూసినా వాళ్ళిద్దరూ ప్రేమ అనే మాట ఎందుకు ఎత్తరు?

సిరికి, బంటికి, చిట్టికి,

మీరు ముగ్గురూ 'ది అన్‌టేమ్‌డ్' అనే చైనా సీరియల్ పూర్తి చేసి పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. యాభై ఎపిసోడ్లు చూశాక కూడా వేయ్ వూషియెన్, లాన్ వాంగ్‌జీ స్నేహితులా, ప్రేమికులా అన్నది మీకు తేలలేదు. ఒకరి కోసం ఒకరు ప్రాణమైనా ఇచ్చేస్తారు గానీ ప్రేమ అన్న మాట ఎవరి నోటా రాదేంటి పెద్దమ్మా అని అడిగారు. ప్రేమికులే. మో షియాంగ్ తోంగ్ షియు రాసిన నవలలో అయితే అనుమానానికి తావే లేదు. అందులో ముద్దులున్నాయి, మనసు విప్పి చెప్పుకోవడం ఉంది, చివరికి ఇద్దరూ దంపతుల్లాగే కలిసి బతుకుతారు. 2019లో అది టెన్సెంట్ వీడియో అనే చైనా ఆన్‌లైన్ సైట్‌లో సీరియల్‌గా వచ్చేసరికి అవన్నీ పోయాయి. ఎందుకు పోయాయో, పోయినవి ఏ రూపంలో మిగిలాయో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి. చైనాలో గే అవడం నేరం కాదు. 1997లోనే అక్కడి చట్టం మారింది, 2001లో మానసిక రోగాల జాబితాలోంచి కూడా తీసేశారు. మన సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరమన్న 377 సెక్షన్ మీద తీర్పిచ్చింది 2018 సెప్టెంబర్ 6న, అంటే చట్టం విషయంలో వాళ్ళు మనకన్నా ఇరవై ఏళ్ళు ముందున్నారు. మరి నేరం కానిదాన్ని తెర మీద చూపిస్తే ఏమిటట అంటే, తెరకు వేరే నియమాలు. మన సినిమాలకు ఇచ్చినట్టు వయసును బట్టి యూ, ఏ అని సర్టిఫికెట్లు అక్కడ లేవు, ఏది విడుదలైనా చిన్నా పెద్దా అందరూ చూడొచ్చు అన్నట్టుండాలి. 2015 ఆఖర్న టీవీ సీరియళ్ళకు వచ్చిన మార్గదర్శకాల్లో 'అసహజ లైంగిక సంబంధాలు' చూపకూడదని రాశారు. ఉదాహరణలుగా ఏవి చెప్పారో తెలుసా? వావివరసలు తప్పిన సంబంధాలు, లైంగిక దాడి, లైంగిక హింస, వాటి పక్కనే స్వలింగ ప్రేమ. 2017లో ఆన్‌లైన్ వీడియోలకు పెట్టిన నియమాల్లోనూ దాదాపు ఇదే వరస. కోతల కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ జాబితా. తనకు అబ్బాయిలంటే ఇష్టమని అప్పుడప్పుడే తెలుసుకుంటున్న పదహారేళ్ళ కుర్రాడు చెంగ్డూలోనో వూహాన్‌లోనో ఉంటాడు కదా, వాడు తన మనసుకు పక్కన ఏమేం పెట్టారో చదువుకుంటే వాడికెలా ఉంటుంది?

ఆ మార్గదర్శకాలు వచ్చిన కొద్ది వారాలకే దెబ్బ పడింది. 2016లో 'అడిక్టెడ్' అని ఇద్దరు హైస్కూలు కుర్రాళ్ళ ప్రేమకథ ఆన్‌లైన్‌లో వచ్చింది, జనం విరగబడి చూశారు. పదిహేను ఎపిసోడ్లలో పన్నెండు అయ్యాయో లేదో ఫిబ్రవరిలో చైనా సైట్లన్నిట్లోంచి మాయమైపోయింది. మిగతా మూడు ఎపిసోడ్లూ బయటి దేశాలవాళ్ళు యూట్యూబ్‌లో చూశారు. నిర్మాతలందరికీ పాఠం అర్థమైపోయింది: ప్రేమని పైకి చెప్తే డబ్బంతా మునుగుతుంది. అలాగని ఆ కథల్ని వదులుకోనూ లేరు, ఎందుకంటే మగవాళ్ళిద్దరి ప్రేమ మీద ఆడవాళ్ళు రాసి, ఎక్కువగా ఆడవాళ్ళే చదివే ఈ నవలలకు (వాటిని డాన్‌మే అంటారు) జిన్‌జియాంగ్ లాంటి సైట్లలో కొల్లలుగా పాఠకులున్నారు. అక్కడే ఒక మధ్యేమార్గం పుట్టింది. నవల కొను, ప్రేమ తీసెయ్, స్నేహం అను, మిగతాదంతా ఉంచు. అభిమానులు దీనికి 'సోషలిస్టు సోదరభావం' అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు మీరు చూసినదాంట్లోకే వెళ్దాం, ఇక్కడే అసలు రుచి ఉంది. లాన్ వంశం వాళ్ళ నుదుటికి కట్టుకునే తెల్లటి పట్టీ గుర్తుందా? దాన్ని తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు తప్ప ఇంకెవరూ తాకకూడదన్నది వాళ్ళ వంశ నియమం, సీరియల్లోనే చెప్తారు. అంత కఠినంగా ఉండే లాన్ వాంగ్‌జీ, చల్లటి గుహలో వీణ తీగలు వేయ్ వూషియెన్‌ను గాయపరుస్తుంటే తన నుదుటి పట్టీ విప్పి అతని మణికట్టుకు చుడతాడు. ప్రాణాపాయం కాబట్టి చుట్టాడు, అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ నియమం తెలిసినవాడికి అది ఏమిటో తెలుసు. ఇంకోటి, వేయ్ వూషియెన్ తనను పెంచినవాళ్ళ స్మారక ఫలకాల ముందుకు లాన్ వాంగ్‌జీని తీసుకెళ్ళి, ఇద్దరూ పక్కపక్కన మోకాళ్ళ మీద కూచుని వంగి నమస్కరిస్తారు చూడండి. చైనా సంప్రదాయ పెళ్ళిలో వధూవరులు భూమ్యాకాశాలకు, తర్వాత పెద్దలకు, తర్వాత ఒకరికొకరు వంగి నమస్కరించుకుంటారు. సెన్సార్ అధికారికి అక్కడ కనబడేది పెద్దల పట్ల భక్తి. దాన్ని ఎలా కొయ్యమంటారు? తాబేలు గుహలో పాట పేరేంటని వేయ్ వూషియెన్ అడిగినప్పుడు లాన్ వాంగ్‌జీ పెదాలు కదులుతాయి, మాట మాత్రం మనకు వినబడదు. ఆ పేరులో ఇద్దరి పేర్లూ కలిసి ఉన్నాయి. అభిమానులు ఆ పెదాలు ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నారో.

పెదాల సంగతి వచ్చింది కాబట్టి డబ్బింగ్ గురించి కూడా చెప్పాలి, ఇది చాలామందికి తెలీదు. చైనా సీరియళ్ళలో ఎక్కువభాగం షూటింగ్ అయ్యాక వేరే గొంతులతో డబ్బింగ్ చెప్పిస్తారు. హెంగ్‌డియెన్ లాంటి స్టూడియోల్లో ఒకేసారి పదుల సెట్లలో పని జరుగుతుంటుంది, ఆ గోలలో శబ్దం సరిగ్గా రికార్డ్ కాదు, నటుల యాసలూ రకరకాలు. దీనివల్ల సెన్సార్‌కు అనుకూలమైన ఒక దారి ఏర్పడింది. సీను మళ్ళీ తియ్యక్కర్లేదు, మాట మారిస్తే చాలు. మన సినిమాల్లో కొన్ని మాటలకు గొంతు నొక్కేసి పెదాలు మాత్రం ఆడుతుంటాయే, అలాగే, కాకపోతే అక్కడ నొక్కెయ్యరు, వేరే మాట పెడతారు. 2021లో యూకూ అనే ఇంకో ఆన్‌లైన్ సైట్‌లో వచ్చిన 'వర్డ్ ఆఫ్ ఆనర్' అప్పుడు చైనా అభిమానులు పెదాల కదలిక చూసి, వినబడే మాట ఒకటి, సెట్‌లో నటుడు అన్నది ఇంకోటి అని ఒక్కో సీనూ పట్టుకున్నారు. ఆ సీరియల్లో ఇంకో తెలివి కూడా ఉంది, నాయకుడు తన మనసులో మాట చెప్పాలనుకున్నప్పుడల్లా ప్రాచీన కవిత్వంలోంచి ఓ పాదం ఎత్తుకుంటాడు. వెయ్యేళ్ళనాటి కవిత్వాన్ని ఏ అధికారి నిషేధిస్తాడు?

అయితే కోత పడేది ప్రేమకు ఒక్కదానికే కాదు. దెయ్యాలు, పాతాళం, లేచి నడిచే శవాలు మూఢనమ్మకాల కిందికొస్తాయి కాబట్టి వాటికీ గండమే. 2018లో వచ్చిన 'గార్డియన్' మూల నవలలో పాతాళలోకం, ఆత్మలు ఉంటే, సీరియల్లో వాళ్ళందరూ వేరే గ్రహం నుంచి వచ్చిన జాతి అయిపోయారు. నవలలో జంటగా కలిసి బతికే ఇద్దరూ సీరియల్లో ప్రాణత్యాగం చేసి విడిపోతారు. గమనించండి, ఇలాంటి జంటకు కన్నీళ్ళు పెట్టించే ముగింపు ఎవరికీ అభ్యంతరం కాదు, సుఖంగా కాపురం చేసుకున్నారంటేనే ఇబ్బంది. ఇంత జాగ్రత్తపడ్డా ఆ ఆగస్టులో 'గార్డియన్'ను కొన్ని నెలలపాటు తీసేశారు, సరిదిద్దుకుని మళ్ళీ పెట్టారు.

సిరీ, నువ్వు మెసేజ్ చివర్లో అన్నమాట దగ్గర నేను ఆగిపోయాను. "చెప్పకుండా ఉండటమే బాగుంది పెద్దమ్మా, చెప్పేస్తే మామూలు లవ్ స్టోరీ అయిపోయేది" అన్నావు. నీకు బాగున్నట్టు అనిపించడం సహజమే, ఆ పట్టీ చుట్టే సీను నాకూ బాగుంది. కానీ ఆ అందాన్ని సెన్సార్ ఖాతాలో వెయ్యకు తల్లీ. అది రచయిత్రి ఊహ, నటుల కళ్ళు, సందు దొరికితే ఎలా దూరాలో రాత్రింబవళ్ళు ఆలోచించిన దర్శకుల పనితనం. నుదుటి పట్టీ నవలలో కూడా ఉంది, దాని తర్వాత రావాల్సిన మాటలు కూడా ఉన్నాయి, ఒకటి ఉన్నందుకు రెండోది చెడిపోలేదు. చెప్పకుండా ఉండటం ఒక కళాకారుడు తనంతట తాను ఎంచుకుంటే అది శైలి. చెప్తే సీరియలే ఉండదు అని భయపడి మానేస్తే దానికి వేరే పేరుంది. ఆడా మగా ప్రేమించుకునే చైనా సీరియల్లో నాయిక, నాయకుడు వానలో ముద్దు పెట్టుకుంటే ఎవరూ అడ్డురారు, ఆ దర్శకుడికి చెప్పడమో మానడమో తన ఇష్టం. ఈ దర్శకుడికి ఆ ఇష్టమే లేదు.

పైగా దీనికి మూల్యం చెల్లించినవాళ్ళున్నారు, వాళ్ళు మనకు తెర మీద కనబడరు. 2018లో అన్‌హుయీ రాష్ట్రంలోని వూహూలో ఒక రచయిత్రికి పదేళ్ళ ఆరు నెలల జైలు వేశారు. మగవాళ్ళిద్దరి శృంగారం ఉన్న నవల సొంతంగా అచ్చువేసి 7,000 కాపీలకు పైగా అమ్మిందన్నది నేరం. పుస్తకం పచ్చిగా ఉన్నమాట నిజమే, అయినా పదేళ్ళా? అత్యాచారం చేసినవాళ్ళకు ఇంతకన్నా తక్కువ శిక్షలు పడుతున్నాయని చైనావాళ్ళే ఆన్‌లైన్‌లో కోప్పడ్డారు. 2024, 2025ల్లో అయితే తైవాన్‌లో నడిచే హైతాంగ్ అనే సైట్‌లో రాసే రచయిత్రుల్ని అన్‌హుయీ పోలీసులు, తర్వాత లాన్‌జౌ పోలీసులు వెతికి పట్టుకున్నారు. వాళ్ళలో చాలామంది చదువుకుంటున్న అమ్మాయిలు, మీకన్నా నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళు, రాసినదానికి వచ్చింది కూడా చాలామందికి కొద్ది డబ్బే.

అభిమానులు చేసిన తప్పు కూడా ఒకటుంది, మీరు అభిమానులు కాబట్టి తెలుసుకోవాలి. 2020 ఫిబ్రవరిలో, వేయ్ వూషియెన్‌గా నటించిన షియావ్ జాన్ అభిమానుల్లో కొందరికి, అతన్ని పాత్రగా పెట్టి రాసిన ఒక కథ నచ్చలేదు. నచ్చకపోతే చదవడం మానేస్తే సరిపోయేది, మూకుమ్మడిగా అధికారులకు ఫిర్యాదులు పెట్టారు. ఫిబ్రవరి 29న అభిమానులు కథలు రాసుకునే ఏఓ3 అనే సైట్ మొత్తం చైనాలో మూతపడింది, లక్షల కథలు ఒక్కరోజులో అందకుండా పోయాయి. సెన్సార్ ఆఫీసు ఎంత పెద్దదైనా అన్నీ తనే చదవలేదు, పక్కవాడి మీద చాడీ చెప్పే జనం ఉంటేనే దాని పని నడుస్తుంది.

దీనికి ఎదురు నిలిచిన రోజులూ ఉన్నాయి. 2018 ఏప్రిల్‌లో వెయ్‌బో అనే చైనా సోషల్ మీడియా సంస్థ గే కార్టూన్లు, వీడియోలు తీసేస్తున్నామని ప్రకటించగానే వేలమంది తమ ఫొటోలు, పేర్లతో సహా 'నేను గే' అని పోస్టులు పెట్టారు. మూడు రోజుల్లో ఆ సంస్థ వెనక్కి తగ్గింది. ఆ పోస్టులు పెట్టినవాళ్ళ ధైర్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

తర్వాత గాలి మారింది. 2021 జూలైలో యూనివర్సిటీ విద్యార్థుల ఎల్‌జీబీటీ బృందాల వీచాట్ ఖాతాలు ఒకే రాత్రి మూసేశారు. సెప్టెంబర్‌లో టీవీ నియంత్రణ సంస్థ మగవాళ్ళు ఆడంగిగా కనబడకూడదని ఆదేశాలిచ్చింది, డాన్‌మే నవలల్ని సీరియళ్ళుగా తియ్యడానికి కూడా తలుపు మూసేసింది. మీరు 'అన్‌టేమ్‌డ్' లాంటిది ఇంకోటి ఏదైనా ఉందా అని అడిగారు కదా, ఉన్నాయి, కోట్లు పెట్టి షూటింగ్ పూర్తి చేసినవి కూడా ఉన్నాయి, ఏళ్ళ తరబడి విడుదల కాకుండా పడి ఉన్నాయి. 'ఇమ్మోర్టాలిటీ' అలాంటిదే. నటులు నెలల తరబడి తీగలకు వేలాడి చేసిన పని అది. 2023 మేలో బీజింగ్ ఎల్‌జీబీటీ సెంటర్ మూతపడింది. అంటే సీరియల్లో మాట పోవడం, బయట మనుషులు కలుసుకునే గది పోవడం ఒకదాని వెనుక ఒకటి జరిగాయి.

అదే చైనా భాష మాట్లాడే తైవాన్‌లో 2019 మే నుంచి స్వలింగ వివాహాలు చట్టబద్ధం. థాయిలాండ్‌లో 2025 జనవరి నుంచి. ఆ దేశాల సీరియళ్ళలో అబ్బాయిలు మనసులో మాట చెప్పుకుంటారు, పోట్లాడుకుంటారు, అమ్మకు చెప్పాలా వద్దా అని టెన్షన్ పడతారు. 'అడిక్టెడ్' మూలకథ రాసిన ఛాయ్ జీదాన్ ఇంకో నవల 'రివెంజ్డ్ లవ్' పేరుతో 2025లో సీరియల్‌గా వచ్చింది, చైనా నటులే, చైనా భాషే, విడుదల మాత్రం బయటి దేశాల ప్లాట్‌ఫామ్‌లలో. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా ఆమె కథ ఆమె ఊళ్ళోవాళ్ళు దొంగచాటుగా చూడాల్సిందే.

ఇంకో మాట, ఇది మీ ముగ్గురిలో ఎవరికి కావాలంటే వాళ్ళకు. మీకు ఎవరి మీద ఇష్టం కలిగినా, అమ్మాయైనా అబ్బాయైనా, నాకు ఫోన్ చేసి చెప్పొచ్చు, ఎంత రాత్రైనా సరే. మీ అమ్మానాన్నలతో మాట్లాడాల్సి వస్తే నేనూ పక్కన కూచుంటాను.

ఇక మీకు కావాల్సిన ముగింపు సంగతి. 'అన్‌టేమ్‌డ్' నవల ఇంగ్లీష్ అనువాదం 2021 డిసెంబర్ నుంచి ఐదు సంపుటాలుగా వచ్చింది, తెప్పించాను. బంటీ, నువ్వు ఇంకా చిన్నవాడివి, అందులో పెద్దవాళ్ళ సీన్లు కొన్ని ఉన్నాయి, నీకు రెండేళ్ళాగాకే ఇస్తాను, అలగొద్దు. సిరీ, చిట్టీ, మీరు పరీక్షలయ్యాక రండి, గుహలో పాట పేరు అడిగే చోటు ఎక్కడుందో పేజీలో గుర్తు పెట్టి ఉంచాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ