ఇంట్లో ఎంతమంది, ఎన్నేళ్ళు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఇరవై ఏళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. వచ్చినవాళ్ళు ముందు చెప్పేది స్థలం ఎన్ని అంకణాలో (మా దగ్గర అంకణం అంటే 72 చదరపు అడుగులు), ఆ తర్వాత వాస్తు. పదేళ్ళ తర్వాత ఈ ఇంట్లో ఎవరు మిగులుతారు అని అడిగితే, "అదేంది సార్, అపశకునం మాదిరి" అంటారు. అడక్కుండా గీసి చేతులు కాల్చుకున్నాను, అందుకే అడుగుతాను.

అపోహ: పిల్లలు ఇద్దరుంటే డ్యూప్లెక్సే కట్టాలి.

వేదాయపాళెంలో 30 అంకణాల్లో ఒక టీచర్ల జంటకు అలాగే గీశాను. కింద హాలు, వంటగది, పూజగది. పడకగదులన్నీ పైనే, మెట్లు హాల్లోంచే. ఇప్పుడు కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో. పోయినేడు గోడ చెమ్మ చూడమంటే వెళ్ళాను. టీవీ పక్కన మంచం, మంచం కింద మందుల డబ్బా, కిటికీ ఊచకు ఆరేసిన తువ్వాలు. "మోకాళ్ళు పోయినయి నాయనా, పైన ఏముందో చూసి రెండేళ్ళయింది" అంది ఆమె. పైభాగం అద్దెకిద్దామంటే వచ్చినవాళ్ళు ఆ మంచం పక్క నుంచే నడవాలి. బయట మెట్లు వేద్దామంటే పక్కన జాగా వదల్లేదు. తప్పు నాదే.

మెట్లు బయటే పెట్టి, పైన వంటగదికి సరిపడా నీళ్ళ పైపు, డ్రైనేజీ పైపు ముందే వదిలి ఉంటే అది ఎప్పుడో ఒక పోర్షన్ అయ్యేది. రాత్రిపూట పిలిస్తే పలికే మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఎవరొచ్చినా కింద ఒక పడకగది పెట్టకుండా గీయను. దాని బాత్‌రూమ్‌కు గడప ఉండదు, తలుపు మూడడుగులు. రెండున్నర చాలదా అని మేస్త్రీ ప్రతిసారీ గొణుగుతాడు.

అపోహ: అద్దె దండగ, అదే డబ్బు కంతులు కడితే ఇల్లు మనదవుతుంది.

కొత్తగా పెళ్ళయినవాళ్ళకు ఇది చెప్పనివాళ్ళు లేరు. 30 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అనుకుందాం. నెల కంతు సుమారు 26,035 రూపాయలు. మొదటి నెల అందులో 21,250 వడ్డీకే పోతుంది. మూడేళ్ళలో తొమ్మిది లక్షల పైచిలుకు కట్టినా అసలు తగ్గేది రెండు లక్షల లోపే. అతను కృష్ణపట్నంలో, ఆమె శ్రీసిటీలో పనిచేస్తూ, మూడేళ్ళకు ఏ ఊళ్ళో ఉంటారో తెలియనప్పుడు అద్దే నయం.

అపోహ: కుటుంబం చిన్నదైంది, ఒక ఇల్లు చాలు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఇంటికి సగటున నలుగురు. కానీ ఆ నలుగురూ ఒకేచోట ఉంటే కదా! ఉదయగిరి, కనిగిరి వైపు నుంచి పిల్లల ఇంటర్ కోసం తల్లి ఇక్కడ పోర్షన్ తీసుకుంటుంది, తండ్రి అక్కడ పొలం దగ్గర. వీళ్ళకు కావాల్సింది కాలేజీకి నడిచిపోయే దూరం, కింద ఓనరు కాపురం, రెండేళ్ళకు ఖాళీ చేసే వీలు. దీనికోసం ఫ్లాట్ కొన్నవాళ్ళు, పిల్లాడు ఇంజనీరింగ్‌కు వెళ్ళాక తాళం వేసి మెయింటెనెన్స్ కడుతున్నారు.

అపోహ: ఇల్లు ఇప్పుడే కొడుకు పేర రాసేస్తే గొడవ ఉండదు.

రాయాల్సిందే అయితే, తమను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా పెట్టించండి. అది ఉండి, కొడుకు చూడకపోతే రద్దు కోరడానికి 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం సెక్షన్ 23 ఉంది. వీలునామా అయితే బతికున్నన్నాళ్ళూ మార్చుకోవచ్చు. మిగతాది వకీలును అడగండి.

అపోహ: పెద్దవాళ్ళకు అపార్ట్‌మెంట్ పడదు.

చాలామందికి బాగానే పడుతుంది. వాచ్‌మన్ ఉంటాడు, పక్క తలుపు కొడితే మనిషి ఉంటాడు. మొన్న టీచరమ్మ ఫోన్ చేసింది. మాగుంట లేఅవుట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ నచ్చిందట. కరెంటు పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందా అని అడిగాను.

"అది అడగలేదు నాయనా" అంది.