గోల్ఫ్ బేసిక్‌లో, టెన్నిస్ ప్రీమియంలో: ఒక కేబుల్ తగవు వెనుక కథ

2010 జనవరిలో టెన్నిస్ ఛానెల్ వాళ్లు అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి కామ్‌కాస్ట్ అనే పెద్ద కేబుల్ కంపెనీ మీద ఫిర్యాదు చేశారు. మమ్మల్ని అదనంగా డబ్బు కట్టినవాళ్లకే వచ్చే స్పోర్ట్స్ ప్యాక్‌లో పడేశారు, గోల్ఫ్ ఛానెల్‌నీ, వర్సస్ అనే ఆటల ఛానెల్‌నీ మాత్రం దాదాపు అందరిళ్లకీ వెళ్లే బేసిక్ ప్యాక్‌లో పెట్టుకున్నారు, ఇదెక్కడి న్యాయం అని. ఆ రెండు ఛానెళ్లూ ఎవరివో తెలుసుగా, కామ్‌కాస్ట్‌వే. అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో అన్నమాట.

తేడా ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. అమెరికాలో బేసిక్ ప్యాక్‌లో ఉన్న ఛానెల్‌కి ఆ ప్యాక్ తీసుకున్న ప్రతి ఇంటి తరఫునా నెలకి ఇంత అని కేబుల్ కంపెనీ కడుతుంది, ఆ ఇంట్లో వాళ్లు దాన్ని ఒక్కసారి కూడా పెట్టకపోయినా సరే. ఊరికే ఉదాహరణకి, ఇంటికి 20 సెంట్ల చొప్పున 2 కోట్ల ఇళ్లంటే నెలకి 40 లక్షల డాలర్లు. అదే ఛానెల్ 20 లక్షల ఇళ్లు మాత్రమే తీసుకునే ప్యాక్‌లోకి వెళ్తే, అంత డబ్బూ రావాలంటే ఇంటికి 2 డాలర్లు అడగాలి. అడిగితే సగం మంది మానేస్తారు, చూసేవాళ్లు తగ్గితే ప్రకటనలూ తగ్గుతాయి. అందుకే ఏ ఆటల ఛానెల్‌కైనా ఏ ప్యాక్‌లో ఉన్నామన్నది చావుబతుకుల సమస్య.

ఈ వ్యాపారానికి దారి వేసింది ఈఎస్‌పీఎన్ అనే ఆటల ఛానెల్. 1979 సెప్టెంబర్‌లో మొదలైంది, బేసిక్‌లోనే పెరిగింది, 2010 దశకం వచ్చేసరికి ఇంటికి నెలకి 5 డాలర్లకి పైగా వసూలు చేసే స్థాయికి చేరింది. ఆటలంటే గిట్టనివాళ్లు కూడా అది కట్టారు, చాలామందికి కడుతున్నట్టు తెలియను కూడా తెలియదు. గోల్ఫ్ ఛానెల్ మాత్రం ఎదురు దారిలో వెళ్లి చూసింది. ఆటగాడు ఆర్నాల్డ్ పామర్, వ్యాపారి జో గిబ్స్ కలిసి 1995 జనవరిలో పెట్టినప్పుడు అది ప్రీమియం ఛానెలే, కావాలనుకున్నవాళ్లు నెలకి దాదాపు 7 డాలర్లు కట్టి చూడాలి. గోల్ఫ్ ఆడేవాళ్ల దగ్గర డబ్బుకేం తక్కువ, కట్టేస్తారులే అనుకున్నారు. కట్టలేదు. త్వరలోనే దారి మార్చి బేసిక్‌లోకి వచ్చాకే ఛానెల్ నిలబడింది. తర్వాత కామ్‌కాస్ట్ చేతికి వచ్చింది. తన సొంత ఛానెల్‌కి ప్రీమియం ప్యాక్ పనికిరాదని కామ్‌కాస్ట్‌కి అనుభవం మీదే తెలుసు, ఆ సంగతి గుర్తుపెట్టుకుని మిగతా కథ వినాలి.

1992 కేబుల్ చట్టంలో ఒక నిబంధన పెట్టారు: కేబుల్ కంపెనీ తనకి వాటా లేని ఛానెల్‌ని, కేవలం వాటా లేదన్న కారణంతో చిన్నచూపు చూడకూడదు. రాయడం తేలికే, రుజువు చేయడం దగ్గరే వస్తుంది చిక్కంతా.

2002లో న్యూయార్క్‌లో మొదటి పెద్ద రచ్చ అయింది. యాంకీస్ బేస్‌బాల్ జట్టు సొంతంగా యెస్ నెట్‌వర్క్ పెట్టుకుని ఇంటికి 2 డాలర్లు అడిగింది. అక్కడి కేబుల్ కంపెనీ కేబుల్‌విజన్ వాళ్లు బేసిక్‌లో పెట్టం, కావాల్సినవాళ్లు విడిగా కొనుక్కోవాలి అన్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! కానీ అంతకుముందు ఏడాది దాకా యాంకీస్ మ్యాచ్‌లు వచ్చింది కేబుల్‌విజన్ సొంత ఎంఎస్‌జీ ఛానెల్‌లో, దాన్ని మాత్రం బేసిక్‌లోనే ఇచ్చేవాళ్లు. ఆ సీజన్ మొత్తం దాదాపు 30 లక్షల ఇళ్లకి యాంకీస్ మ్యాచ్‌లు రాలేదు. చివరికి 2004లో మధ్యవర్తులు బేసిక్‌లోనే పెట్టమన్నారు.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ పెట్టుకున్న ఎన్‌ఎఫ్‌ఎల్ నెట్‌వర్క్‌దీ ఇదే బాధ. అమెరికాలో అందరూ చూసే ఆట అది, అలాంటిది దాని ఛానెల్‌ని పట్టుకుని ఏడాదికి 8 మ్యాచ్‌లేగా అని కామ్‌కాస్ట్ స్పోర్ట్స్ ప్యాక్‌లోకి తోసింది. 2007 డిసెంబర్ 29న న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ ఓటమి లేకుండా 16వ మ్యాచ్ ఆడుతుంటే అది ఆ ఒక్క ఛానెల్‌లోనే రావాల్సింది. జనం, సెనేటర్లు గోల చేస్తే అందరికీ వచ్చే సీబీఎస్, ఎన్‌బీసీ ఛానెళ్లకి కూడా ఇచ్చారు. 2009లో ఇద్దరూ రాజీపడి ఛానెల్‌ని ఎక్కువ ఇళ్లకి వెళ్లే ప్యాక్‌లోకి మార్చారు. ఇదంతా చూసిన బేస్‌బాల్ లీగ్ తెలివిగా వ్యవహరించింది. తన ఎంఎల్‌బీ నెట్‌వర్క్‌లో మూడో వంతు వాటా ముందే కామ్‌కాస్ట్, డైరెక్‌టీవీ, టైమ్ వార్నర్, కాక్స్ అనే కేబుల్, శాటిలైట్ కంపెనీల చేతిలో పెట్టింది. 2009 జనవరి 1న ఛానెల్ మొదలైన రోజే దాదాపు 5 కోట్ల ఇళ్లలో ఉంది. వాటా ఇస్తే బేసిక్, ఇవ్వకపోతే ప్రీమియం, ఇంతకంటే సూటిగా ఎవరైనా ఏం చెప్పాలి?

మళ్లీ టెన్నిస్ దగ్గరికొద్దాం. 2003లో మొదలైన ఈ ఛానెల్ 2005లో కామ్‌కాస్ట్‌తో ఒప్పందం చేసుకుంది. ఏ ప్యాక్‌లో పెట్టాలన్నది కామ్‌కాస్ట్ ఇష్టం అని అందులోనే రాసుంది. చిన్న ఛానెల్ కదా, గేటు లోపలికి రానిస్తే చాలు అనుకుని సంతకం పెట్టారు. వాటా ఇస్తామన్నా కామ్‌కాస్ట్ వద్దంది. డైరెక్‌టీవీ, డిష్ అనే శాటిలైట్ కంపెనీలు తీసుకున్నాయి, వాళ్ల దగ్గర ఈ ఛానెల్ చాలా ఎక్కువ ఇళ్లకి వెళ్లింది. అంటే టెన్నిస్ ఛానెల్ కూడా వాటా ఇచ్చిన చోటే బాగుపడింది, ఆ పప్పు కామ్‌కాస్ట్ దగ్గర ఉడకలేదు, అంతే.

2011 డిసెంబర్‌లో ఎఫ్‌సీసీ న్యాయాధికారి టెన్నిస్ వైపు తీర్పు చెప్పాడు. 2012 జులైలో కమిషన్ 3-2 ఓట్లతో దాన్ని ఖాయం చేసి, 3,75,000 డాలర్ల జరిమానా వేసి, గోల్ఫ్‌తో సమానంగా పెట్టమంది. 2013 మేలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు మొత్తం కొట్టేసింది. టెన్నిస్‌ని అందరికీ ఇస్తే కామ్‌కాస్ట్ ఖర్చు పెరుగుతుంది, మరి లాభం ఏమిటో ఎవరూ చూపించలేదు అన్నారు జడ్జీలు. ఒకచోట వేరే కంపెనీ నుంచి కేబుల్ వ్యాపారం తీసుకున్నాక టెన్నిస్‌ని స్పోర్ట్స్ ప్యాక్‌లోకి మారిస్తే ఒక్క కస్టమరూ ఫిర్యాదు చేయలేదని సాక్ష్యం వచ్చింది, అదే గట్టి దెబ్బ. ఆ ముగ్గురు జడ్జీల్లో ఒకరు బ్రెట్ కావనా, తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్లిన ఆయనే. పేపర్‌వాడు ఏ వార్త వేసుకోవాలో తేల్చుకున్నట్టే కేబుల్‌వాడు ఏ ఛానెల్ ఎక్కడ పెట్టాలో తేల్చుకుంటాడు అని విడిగా రాశాడు. 2014లో సుప్రీంకోర్టు అప్పీలు తీసుకోలేదు.

నా మటుకు నాకు ఆ లెక్క సగమే అనిపిస్తుంది. ఫిర్యాదులు రాకపోవడం నిజమే, కానీ గోల్ఫ్‌ని ప్రీమియంలోకి తోస్తే ఎంతమంది అరుస్తారో కామ్‌కాస్ట్ ఎప్పుడైనా పరీక్షించి చూసిందా?

కొద్దిమంది చూసే ఆట అన్న మాట కూడా చోటుని బట్టి మారుతుంది. అమెరికాలోని తెలుగువాళ్లు క్రికెట్ కోసం పెట్టించుకునే విల్లో ఛానెల్ ఎక్కువ చోట్ల విడిగా డబ్బు కట్టాల్సిన ప్యాక్‌లోనే ఉంటుంది, వాళ్ల దృష్టిలో క్రికెట్ మూలన ఉన్న ఆట మరి. ఇక్కడ క్రికెట్ మూలన ఉండదు కాబట్టి మన నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో ఛానెల్ రేట్లు విడివిడిగా చూపించమని రూలు తెచ్చినా బొకేలు, అంటే ఛానెళ్లని గుత్తగా అమ్మే ప్యాక్‌లు, పోలేదు. ఛానెల్ ధర 19 రూపాయలు దాటితే బొకేలో పెట్టకూడదంటే, పెద్ద ఛానెళ్లు సరిగ్గా 19 దగ్గర ఆగాయి. స్టార్ మా సీరియళ్ల కోసం బొకే తీసుకున్న ఇంటికి స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు కూడా వచ్చేసింది. మా అమ్మ దాన్ని ఒక్కసారీ పెట్టలేదు, కట్టడం మాత్రం మానలేదు.

ఇక అమెరికాలో, వర్సస్ పేరు మార్చుకుని ఎన్‌బీసీ స్పోర్ట్స్ నెట్‌వర్క్ అయి 2021 చివరి రోజున మూతబడింది. టెన్నిస్ ఛానెల్‌ని 2016లో సింక్లెయిర్ అనే టీవీ కంపెనీ 35 కోట్ల డాలర్లకి కొంది. 2024 నవంబర్‌లో కామ్‌కాస్ట్ తన కేబుల్ ఛానెళ్లలో చాలావాటిని విడగొట్టి వేరే కంపెనీగా పంపించేస్తున్నట్టు ప్రకటించింది. ఆ జాబితాలో గోల్ఫ్ ఛానెల్ కూడా ఉంది.