టీవీకి డబ్బులెవరిస్తారు? బ్రిటన్, అమెరికా, కెనడా టీవీల మీద అపోహలు - వాస్తవాలు

నేను చేసేది వెర్షనింగ్ ఎడిటింగ్. ఒకే కార్యక్రమాన్ని బ్రిటన్ ఛానల్‌కు ఒక నిడివిలో, అమెరికా ఛానల్‌కు ఇంకో నిడివిలో, బ్రేకులు ఎక్కడ పడాలో చూసుకుని కత్తిరించి ఇవ్వడం. హైదరాబాద్‌లో కూర్చుని ఈ పని చేస్తుంటానని తెలిసినవాళ్లు అక్కడి టీవీల గురించి రకరకాలుగా అడుగుతుంటారు, ముఖ్యంగా పిల్లల్ని పైచదువులకు పంపినవాళ్లు. ఎక్కువగా వినబడే మాటలకు నాకు తెలిసిన జవాబులివి.

అపోహ: బీబీసీ అంటే మన దూరదర్శన్ లాంటి ప్రభుత్వ ఛానలే.

దూరదర్శన్‌కు ప్రభుత్వ గ్రాంటు వస్తుంది, ప్రకటనలూ వేసుకుంటుంది. బ్రిటన్‌లో చూసే బీబీసీ ఛానళ్లు ఈ రెండింటి మీదా నడవవు. వాటికి ప్రధాన ఆధారం ఇంటింటి నుంచీ వచ్చే లైసెన్స్ ఫీజు. 2025-26లో అది ఏడాదికి 174.50 పౌండ్లు. బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉన్నవాళ్లకు 58.50. అవును, బ్లాక్ అండ్ వైట్‌కు వేరే రేటు ఇంకా ఉంది! మనకూ ఒకప్పుడు రేడియో లైసెన్స్ ఉండేది. పోస్టాఫీసులో కట్టిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అలాగని ప్రభుత్వానికి బీబీసీతో సంబంధమే లేదనుకోవద్దు. ఫీజు ఎంత ఉండాలో ఖరారు చేసేది ప్రభుత్వమే. 2022లో దాన్ని 159 పౌండ్ల దగ్గర రెండేళ్లపాటు ఆపేసింది. ధరలు పెరిగే రోజుల్లో రేటు పెంచకపోతే కోత పెట్టినట్టే కదా. బీబీసీ ఎలా నడవాలో చెప్పే రాజపత్రం, ఇప్పటి రాయల్ చార్టర్ గడువు కూడా 2027 డిసెంబరు 31తో అయిపోతుంది.

అపోహ: మా అబ్బాయి గదిలో టీవీయే లేదు, లైసెన్స్ ఎందుకు?

టీవీ పెట్టె ఉందా లేదా అన్నది కాదు లెక్క. ఏ ఛానలైనా లైవ్‌లో చూస్తే, ఫోన్‌లో చూసినా సరే, లైసెన్స్ కావాలి. అది బీబీసీ కానక్కర్లేదు, బ్రిటన్ ఛానలే కానక్కర్లేదు. లండన్‌లో కూర్చుని యాప్‌లో తెలుగు న్యూస్ ఛానల్ లైవ్ పెట్టుకున్నా ఇదే రూలు. బీబీసీ సొంత స్ట్రీమింగ్ యాప్ ఐప్లేయర్‌కైతే 2016 సెప్టెంబరు నుంచి పాత ఎపిసోడ్లు చూడటానికి కూడా ఉండాలి. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమాలు, యూట్యూబ్‌లో పాత వీడియోలు మాత్రమే చూసేవాళ్లకు అక్కర్లేదు.

అద్దె గదులకు ‘లీగల్ ఆక్యుపయర్’ (ఆ ఇంట్లో ఉంటున్నవారు) పేరిట హెచ్చరిక ఉత్తరాలు వస్తుంటాయి. వాటిని చూసి టెన్షన్ పడి, అవసరం లేకపోయినా కట్టేసే పిల్లలున్నారు. లైసెన్స్ అవసరం లేకపోతే ఆ మాట వెబ్‌సైట్‌లో తెలియజేస్తే సరిపోతుంది. ఇల్లంతా కలిపి ఒకే అగ్రిమెంట్ మీద అద్దెకు తీసుకుంటే సాధారణంగా ఒక్క లైసెన్స్ చాలు. ఎవరి గదికి వాళ్లకు వేరే అగ్రిమెంట్ ఉంటే ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. చదువైపోయి వచ్చేసేటప్పుడు, మిగిలిన పూర్తి నెలలకు రీఫండ్ అడగొచ్చు. అడగడం మర్చిపోకండి.

అపోహ: బ్రిటన్ టీవీలో ప్రకటనలుండవు.

ఐటీవీ అనే ప్రైవేటు ఛానల్ మొదలైన 1955 సెప్టెంబరు 22 రాత్రే తొలి ప్రకటన పడింది. అది ఒక టూత్‌పేస్ట్‌ది. ఛానల్ 4 యాజమాన్యం ప్రభుత్వానిదే అయినా బతికేది ప్రకటనల మీదే. మనకు ఇక్కడ వచ్చే బీబీసీ వార్తా ఛానల్లోనూ ప్రకటనలుంటాయి. లైసెన్స్ ఫీజు కట్టేది బ్రిటన్ ప్రజలు గానీ మనం కాదు కదా!

అపోహ: గంట కార్యక్రమం ఎక్కడైనా గంటే.

నా జీతమంతా ఈ తేడాలోనే ఉంది. బీబీసీలో గంట డ్రామా అంటే దాదాపు 58, 59 నిమిషాలు. ఐటీవీలో 47 దాకా. అమెరికా నెట్‌వర్క్‌లో 42, 43. (నెట్‌వర్క్ అంటే దేశమంతటా ఉన్న స్థానిక స్టేషన్లకు కార్యక్రమాలిచ్చే పెద్ద ఛానల్.) ఐటీవీ, ఛానల్ 4 లాంటి వాటికి బ్రిటన్ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ పరిమితి ఉంది: ప్రకటనలు రోజు మొత్తం మీద గంటకు సగటున 7 నిమిషాలు, సాయంత్రం 6 నుంచి రాత్రి 11 వరకు సగటున 8. అమెరికాలో చట్టపరమైన పరిమితి పిల్లల కార్యక్రమాలకే ఉంది: గంటకు వారాంతంలో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12. పెద్దవాళ్ల కార్యక్రమాల్లో ఛానల్ ఇష్టం.

బీబీసీ డ్రామాను ప్రకటనలు వేసే అమెరికా ఛానల్‌కు ఇవ్వాలంటే పావుగంట ఎగరగొట్టాలి. ముందు కారు వచ్చి ఆగడం, మెట్లెక్కడం, టీ పోయడం పోతాయి. తర్వాత హీరో పక్కింటావిడ పాత్ర సగమవుతుంది. అప్పటికీ సరిపోకపోతే సంభాషణల మధ్య మౌనాలు తగ్గిస్తాం. అసలు నటన ఉండేది అక్కడే. ఆపైన, రచయిత బ్రేక్ అనుకోని చోట బ్రేక్ పెట్టాలి. ఎక్కడైనా తలుపు మూసుకుంటుందేమో, మ్యూజిక్ ఆగుతుందేమో అని వెతుక్కుంటూ కూర్చుంటాం.

అటు నుంచి ఇటు వచ్చేది ఇంకో రకం తలనొప్పి. అమెరికా నెట్‌వర్క్ స్క్రిప్టు బ్రేకుల లెక్కలోనే రాస్తారు. ఎవరో తలుపు తోస్తారు, మ్యూజిక్ ఢామ్మంటుంది, బ్రేక్. బ్రేక్ తీసేసి అతికిస్తే, ఢామ్మన్న మరుక్షణం అదే ఇంటి బయటి షాట్ మళ్లీ వస్తుంది. కథ నత్తి మాట్లాడుతున్నట్టుంటుంది.

అపోహ: బ్రిటిష్‌వాళ్లు ఆరు ఎపిసోడ్లతో ఆపేది నాణ్యత కోసం.

నాణ్యత మాట కొట్టిపారేయను గానీ, దాని వెనక డబ్బు లెక్క ఉంది. ‘ది ఆఫీస్’ కామెడీ సిరీస్ బ్రిటన్‌లో మొత్తం 14 ఎపిసోడ్లు, దాన్నే మళ్లీ తీసిన అమెరికాలో 201. అమెరికా పాత పద్ధతిలో నెట్‌వర్క్ ఖర్చంతా ఇవ్వదు. మిగతాది స్టూడియో నష్టంగా మోసి, తర్వాత ఆ సిరీస్‌ను పునఃప్రసారాలకు స్థానిక స్టేషన్లకు అమ్మి రాబట్టుకుంటుంది. రోజూ ఒకటి చొప్పున వేసుకోవాలంటే స్టేషన్‌కు దాదాపు వంద ఎపిసోడ్లు ఉండాలి. అందుకే అంత సాగదీత. బ్రిటన్‌లో ఛానలే ఖర్చులో ఎక్కువ భాగం భరించడం ఆనవాయితీ కాబట్టి వంద తీయాల్సిన ఒత్తిడి ఉండేది కాదు. పైగా అక్కడ కామెడీలు ఒకరో ఇద్దరో కూర్చుని రాసేవి.

అపోహ: అమెరికావాళ్ల బీబీసీ పీబీఎస్.

పీబీఎస్ స్థానిక స్టేషన్ల కూటమి, లైసెన్స్ ఫీజు లేదు. 1967 చట్టంతో ఏర్పడిన సీపీబీ (పబ్లిక్ టీవీ, రేడియోలకు ప్రభుత్వ డబ్బు పంచే సంస్థ) ద్వారా వచ్చిన ఫెడరల్ డబ్బు చిన్న వాటాగానే ఉండేది. ఎక్కువ వచ్చేది విరాళాల నుంచే. 2025 జులైలో కాంగ్రెస్ రెండేళ్లకు కేటాయించిన దాదాపు 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. దెబ్బ గట్టిగా తగిలేది నగరాల్లోని పెద్ద స్టేషన్లకు కాదు. ఆ డబ్బే ప్రధాన ఆధారమైన పల్లె స్టేషన్లకు.

అపోహ: కెనడా టీవీ అంటే అమెరికా టీవీయే.

కెనడా పబ్లిక్ ప్రసార సంస్థ సీబీసీకి పార్లమెంటు డబ్బిస్తుంది, టీవీలో ప్రకటనలూ ఉంటాయి. లైసెన్స్ ఫీజును 1953లోనే తీసేశారు. టొరంటోలో ఉన్న మనవాళ్లు ఏటా అడిగేది ఒకటే: అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఆ గొప్ప అమెరికా ప్రకటనలు మాకెందుకు రావు? ఒకే కార్యక్రమం రెండు దేశాల ఛానళ్లలో ఒకేసారి వస్తుంటే, కేబుల్‌వాళ్లు అమెరికా ఛానల్ మీద కెనడా ఛానల్ సిగ్నల్ వేయాలన్న రూలు ఉంది. ప్రకటనల డబ్బు దేశం దాటకూడదని. సూపర్ బౌల్‌కు 2017లో మినహాయింపు ఇచ్చారు గానీ 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రూలు కేబుల్, శాటిలైట్‌లకే కాబట్టి, ఇంటి మీద యాంటెన్నా పెట్టుకుని సరిహద్దు అవతలి బఫెలో స్టేషన్‌ను నేరుగా పట్టుకునేవాళ్లకు మాత్రం ఆ ప్రకటనలు వస్తాయి.